పసిబిడ్డ పగటి నిద్ర: ఒడి నుండి పక్కకు

పసిబిడ్డను జోకొట్టి నిద్రపుచ్చడం ఒక ఎత్తు. నిద్రపోయిన బిడ్డను మెలకువ రాకుండా పక్క మీద వేయడం మరొక ఎత్తు. భుజం మీద హాయిగా నిద్రిస్తున్న బిడ్డ, వీపు పరుపుకు తాకీ తాకకముందే కెవ్వుమంటుంది. తల్లి మళ్లీ ఎత్తుకుంటుంది. ఇక బిడ్డ లేచేవరకు ఆమెకు కదలడానికి వీలుండదు. నెలల పిల్లల విషయంలో ఇది సహజమే. కాని ఏడాదిన్నర నిండి, పది కిలోల బరువు తూగే బిడ్డను ప్రతి మధ్యాహ్నం గంటన్నర సేపు మోయవలసి వస్తే తల్లికి నడుము నొప్పి, మెడ నొప్పి తప్పవు. తల్లి ఉద్యోగానికి వెళ్లే ఇళ్లలో ఆ భారం అమ్మమ్మ మీదనో నాయనమ్మ మీదనో పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న వయసులో అది మరీ కష్టం.

ఎత్తుకు మరిగిన బిడ్డను మార్చడానికి మందు లేదు; మందు అవసరమూ లేదు. కావలసినది క్రమం. బిడ్డకు ఒడిలో లభించే నెమ్మదిని లాగివేయకుండా, ఆ నెమ్మదినే కొద్దికొద్దిగా పక్క మీదికి చేర్చడం ఈ క్రమానికి మూలసూత్రం.

పసివారికి పగటి నిద్ర ఎందుకు?

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని చరకసంహిత శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా పేర్కొన్నది. గ్రీష్మ ఋతువులో తప్ప పగటి నిద్ర కఫాన్ని పెంచుతుందని పెద్దలకు నిషేధించిన ఆ గ్రంథమే బాలురకు, వృద్ధులకు, బలహీనులకు పగటి నిద్రను అనుమతించింది. నేటి శాస్త్రం కూడా ఇదే మాట చెబుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సూచనల ప్రకారం ఒకటి నుండి రెండేళ్ల వయసు బిడ్డకు రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర అవసరం. పగటి నిద్ర కూడా ఇందులో భాగమే. ఏడాది వయసులో పగలు రెండుసార్లు నిద్రించే పిల్లలు, సాధారణంగా 15 నుండి 18 నెలల మధ్య ఒక్క నిద్రకు మారతారు. కొత్త అలవాటు నేర్పడానికి ఇది అనువైన కాలం. రోజుకు ఒకే నిద్ర కనుక మధ్యాహ్నానికి బిడ్డ తగినంత అలసి ఉంటుంది.

పక్క మీద వేయగానే ఎందుకు లేస్తారు?

నిద్ర ఒకే తీరుగా సాగదు. తేలిక నిద్ర, గాఢ నిద్ర ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. పెద్దలలో ఈ చక్రం సుమారు గంటన్నర. పసివారిలో అంతకంటె తక్కువ. ప్రతి చక్రం చివర బిడ్డ సగం మేలుకొంటుంది. కన్ను మూసినప్పుడు ఉన్న చోటే, ఉన్న తీరే ఉంటే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. రైలు బెర్తు మీద నిద్రించిన మనిషి ప్లాట్‌ఫారం బల్ల మీద మేలుకొంటే ఎంత కలవరపడతాడో, భుజం మీద నిద్రించి పరుపు మీద మేలుకొన్న బిడ్డ అంతే కలవరపడుతుంది. కనుక బిడ్డ ఎక్కడ మేలుకోవాలో అక్కడే నిద్రలోకి వెళ్లాలి. ఇదే మనం నేర్పవలసిన విద్య.

దించే తీరులో కూడా లోపం ఉండవచ్చు. శిశువును హఠాత్తుగా మేల్కొల్పరాదని, హఠాత్తుగా ఎత్తడం, దించడం చేయరాదని, అందువలన వాతం ప్రకోపిస్తుందని సుశ్రుతసంహిత శారీరస్థానం పదవ అధ్యాయంలో ఉన్నది. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో నెలల పిల్లలను పరిశీలించి, తల్లి శరీరం నుండి విడివడే క్షణంలోనే శిశువు గుండె వేగం మారి మెలకువ వస్తున్నదని గమనించారు. నిద్ర పట్టిన తరువాత 5 నుండి 8 నిమిషాలు కూర్చుని ఎత్తుకొని, ఆపై దించితే మెలకువ తక్కువని వారు సూచించారు. ఇది చిన్న శిశువులకు సంబంధించిన పరిశీలన అయినా, నిదానంగా దించాలన్న మాట ఏడాది దాటిన బిడ్డకూ వర్తిస్తుంది.

ముందుగా చేయవలసిన ఏర్పాట్లు

స్థలం: చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో కుమారాగారం, అంటే పసివారి గది, ఎలా ఉండాలో వర్ణన ఉన్నది. ఈదురుగాలి కొట్టకుండా గాలి ఆడాలి, దోమలు, ఎలుకలు చేరకూడదు, పక్కబట్టలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండాలి అని దాని సారాంశం. మన ఇళ్లలో ప్రత్యేకించి గది ఉండనక్కరలేదు. రోజూ ఒకే మూల, నేల మీద పరచిన ఒకే బొంత, దోమతెర, కిటికీకి తెర ఉంటే చాలు. నేల మీద పక్క అయితే దొర్లి పడే భయం ఉండదు.

వేళ: పన్నెండు గంటలకు భోజనం, పన్నెండున్నర ఒంటిగంట మధ్య నిద్ర అనే నియమం పెట్టుకోవాలి. కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం, శూన్యంగా చూడడం నిద్ర వేళకు గుర్తులు. ఆ గుర్తులు దాటిపోతే బిడ్డ బడలికతో చిరాకుపడి ఇంకా మారాం చేస్తుంది. మూడున్నర దాటేవరకు నిద్రించనిస్తే రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది.

ఆహారం: పెసరపప్పు, నెయ్యి కలిపిన మెత్తని అన్నం, కొద్దిగా పెరుగన్నం మంచిది. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకూడదు; పళ్లు పుచ్చిపోతాయి.

అభ్యంగనం: నిద్రలేమికి చరకుడు చెప్పిన ఉపాయాలలో అభ్యంగనం, స్నానం, మనసుకు ఇంపైన శబ్దం ఉన్నాయి. ఉదయం భోజనానికి ముందే ఒళ్లంతా నూనె రాసి స్నానం చేయించాలి. మధ్యాహ్నం అరికాళ్లకు మాత్రం నాలుగు చుక్కల గోరువెచ్చని నూనె, చలికాలంలో నువ్వుల నూనె, వేసవిలో కొబ్బరినూనె, రెండు నిమిషాలు మెల్లగా మర్దించాలి. ముక్కులో, చెవిలో నూనె పోయరాదు.

నాలుగు మెట్ల క్రమం

ఒక్కొక్క మెట్టుకు నాలుగైదు రోజులు పడుతుంది. బిడ్డ కుదురుకున్న తరువాతనే పై మెట్టుకు వెళ్లాలి.

మొదటి మెట్టు: అలవాటు ప్రకారం ఎత్తుకునే నిద్రపుచ్చండి. అయితే అంతా పక్క దగ్గరే జరగాలి. తెర వేయడం, అరికాళ్లకు నూనె, ఒకే జోలపాట, ఈ వరుస ఏ రోజూ మారకూడదు. నిద్ర పట్టాక పది నిమిషాలు ఆగండి. చేయి ఎత్తి వదిలితే వాలిపోయి, ఊపిరి సమంగా ఆడుతుంటే నిద్ర గాఢమైనదని గుర్తు. అప్పుడు మీ ఛాతీ బిడ్డకు ఆనుకునే ఉండేలా వంగి, ముందు పిరుదులు, తరువాత వీపు, చివరకు తల పక్కకు ఆనించండి. మీ చేతిని నిమిషం తరువాత మెల్లగా తీయండి.

రెండవ మెట్టు: తిరగడం, ఊపడం మానండి. పక్క మీద కూర్చుని ఒడిలోనే జోకొట్టండి.

మూడవ మెట్టు: అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. కళ్లు బరువెక్కి ఇంకా మూతపడక ముందే బిడ్డను పక్క మీద చేర్చి, మీరు పక్కనే పడుకోండి. ఛాతీ మీద చేయి వేసి అదే పాట, అదే జో. బిడ్డ లేచి కూర్చుంటే మళ్లీ పడుకోబెట్టండి. ఒకరోజు పదిసార్లు లేవవచ్చు, విసుగు చూపరాదు.

నాలుగవ మెట్టు: జోకొట్టడం తగ్గించి చేయి మాత్రం ఆనించండి. తరువాత చేయి తీసి పక్కన కూర్చోండి. కొద్ది రోజులకు కాస్త దూరంగా కూర్చుని కూర తరుగుతున్నా బిడ్డ నిద్రిస్తుంది.

బిడ్డను వేరే గదిలో ఒంటరిగా పడుకోబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. రాత్రి తల్లి పక్కన నిద్రించే ఆచారానికి ఈ క్రమం అడ్డు రాదు.

ఏడిస్తే ఏం చేయాలి?

"ఏడ్చి ఏడ్చి అదే నిద్రపోతుంది" అని వదిలేయడం ఒక అతి. మూలుగు వినగానే ఎత్తుకోవడం మరొక అతి. చిన్న మూలుగుకు ఒక నిమిషం ఆగండి. తేలిక నిద్రలోని మూలుగు చాలాసార్లు తానే తగ్గుతుంది. ఏడుపు పెరిగితే ముందు మాట, తరువాత చేయి, తరువాత ఒడి. ఎత్తుకున్నా శాంతించగానే పక్క మీదికే తిరిగి చేర్చాలి. అరగంటకు కూడా నిద్ర పట్టకపోతే ఆ రోజుకు ఎత్తుకునే నిద్రపుచ్చండి. ఒక్క రోజు తప్పినంత మాత్రాన నేర్చినది పోదు. జ్వరం, పళ్లు వచ్చే బాధ, ప్రయాణం ఉన్నప్పుడు ఒక మెట్టు వెనక్కి దిగి మళ్లీ ఎక్కాలి.

ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. తల్లి పక్క మీద జోకొడితే, నాయనమ్మ భుజాన వేసుకొని వీధిలో తిప్పితే బిడ్డకు ఏదీ కుదరదు. పెద్దలను కాదనడం కంటె, "అత్తయ్యా, మీ పాటకే వీడు త్వరగా కళ్లు మూస్తాడు, పక్కన కూర్చుని పాడండి" అని వారిని ఇందులో భాగస్వాములను చేయడం మేలు. సెలవు రోజున తండ్రి జోకొట్టడం కూడా అవసరం. లేకుంటే ఎత్తుకు మరిగిన బిడ్డ తల్లి ఒక్కతెకే మరుగుతుంది.

చేయకూడని పనులు

బూచివాడు వస్తాడని బెదిరించి పడుకోబెట్టకండి. ఏడ్చే బిడ్డను, తినని బిడ్డను రాక్షస పిశాచాదుల పేర్లు చెప్పి భయపెట్టరాదని చరకసంహితలో స్పష్టంగా ఉన్నది. భయపడిన బిడ్డకు పక్క శత్రువవుతుంది.

నిద్ర కోసం దగ్గు సిరప్పులు, గసగసాల పాలు, అరగదీసిన జాజికాయ పట్టకండి. జాజికాయ మోతాదు మించితే విషలక్షణాలు కలుగుతాయి. గసగసాలలో మత్తు పదార్థపు అంశ ఉండవచ్చు.

సెల్‌ఫోను చూపుతూ నిద్రపుచ్చకండి. అది ఒక అలవాటు మాన్పి మరొకటి అంటగట్టడమే.

చీరతో కట్టిన ఉయ్యాలలో నిలబడగల వయసు బిడ్డను ఒంటరిగా వదలకండి. పడిపోవచ్చు, గుడ్డ మెడకు చుట్టుకోవచ్చు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి?

ప్రతి నిద్రలో నోరు తెరచి గురక పెట్టడం, పడుకోబెట్టగానే దగ్గు లేదా ఆయాసం, చెవి పట్టుకొని ఏడవడం, రాత్రి ఆసనం వద్ద దురద, ముఖం పాలిపోవడం, బరువు పెరగకపోవడం వంటివి ఉంటే అది అలవాటు మాత్రమే కాకపోవచ్చు. టాన్సిల్స్, చెవి పోటు, నులిపురుగులు, రక్తహీనత వంటివి ఉన్నాయేమో పిల్లల వైద్యుని చేత పరీక్ష చేయించి, ఆ బాధ తీరిన తరువాతనే ఈ క్రమం మొదలుపెట్టాలి.

చాలా ఇళ్లలో మూడు నాలుగు వారాలలో మార్పు కనిపిస్తుంది. కొందరు పిల్లలకు ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. అప్పుడు తల్లికి లభించే ఆ గంటన్నర ఇంటి పనులకే వెచ్చించనక్కరలేదు. మొదటి కొద్ది రోజులైనా బిడ్డ పక్కన ఆమె కూడా నడుము వాల్చాలి. తల్లి విశ్రాంతి కూడా బిడ్డ ఆరోగ్యంలో భాగమే.