ఓటర్ల జాబితాలో ఆడవాళ్ళ పేర్లు: కొన్ని అనుభవ పాఠాలు

కురబలకోట మండలంలో ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాకెక్కించే పనిలో తల నెరిసినదాన్ని. మా తర్వాత ఈ పనికి దిగే అమ్మాయిల కోసం చెబుతున్నాను.

1. ఊరికి పాట గుర్తుంటుంది, పోరాటం గుర్తుండదు.

1919 ఫిబ్రవరిలో ఠాగూరు మా పక్కనున్న మదనపల్లె బీటీ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమనకు బాణీ కుదిరిందని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ బాణీ కుదిర్చిన మార్గరెట్ కజిన్స్, ఓటు హక్కు కోసం అంతకుముందే ఐర్లండులో పోరాడి జైలుకెళ్ళిందని చెప్పేవాళ్ళు తక్కువ. ఆ బీటీ కాలేజీ ముందు నుంచి ఏళ్ళ తరబడి నడిచిన నాకే ఆలస్యంగా తెలిసింది.

2. ఏ తలుపు తెరిస్తే ఆ తలుపులోంచే లోపలికి పో.

1917లో బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసు వస్తున్నాడని, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని మార్గరెట్ అర్జీ పెట్టుకుంది. రాజకీయమైతేనే వింటామన్నారు. అయితే ఓటే అడుగుదామనుకుంది. డిసెంబరు 18న సరోజినీ నాయుడు ముందుండగా స్త్రీలు వెళ్ళి ఆయన్ను కలిశారు. చదువు కోరికను కూడా అదే విజ్ఞప్తిలో చేర్చారు. బ్రిటన్‌లోనే ఆడవాళ్ళకు పార్లమెంటు ఓటు లేని రోజులవి!

3. సగం గెలిచిన రోజున, ఓడిన సగం ఎవరో చూసుకో.

1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటిచ్చింది. అయితే ఆస్తి ఉన్నవాళ్ళకే. మా అవ్వ చెనక్కాయ చేలో నడుము విరిగేలా చాకిరీ చేసింది. పట్టా మాత్రం తాత పేరున ఉండేది. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల దాకా ఆమె ఓటు వేయలేదు.

4. పేరు ఆమె నోటినుంచే రావాలి.

ఆ మొదటి ఎన్నికల్లో, ఎక్కువగా ఉత్తరాదిన, సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాలోంచి పోయాయి. తమ పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్యననో తల్లిననో చెప్పడమే కారణం. చదివి నొచ్చుకున్నాను గానీ, నేను చేసిందేమిటి? ఇంటింటికీ తిరిగేటప్పుడు అరుగు మీది మగవాళ్ళు చెప్పిందే రాసుకునేదాన్ని. లోపల పొయ్యి దగ్గరున్న మనిషిని పిలిస్తే పొద్దుపోతుందని తొందర. పోలింగు రోజు ఒకామె చీటీలో పిలుపు పేరు పడింది, రేషన్ కార్డులో అసలు పేరుంది. ఏజెంటు అభ్యంతరం చెప్పాడు. "అక్కా, నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదా" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఐదేళ్ళకు గానీ ఓటు వేయలేకపోయింది.

5. గెలిపించి ఇంటికి పోవద్దు.

1993 నుంచి పంచాయతీల్లో మూడోవంతు పదవులు ఆడవాళ్ళకు వచ్చాయి. మన రాష్ట్రంలో తర్వాత సగం చేశారు. పని అయిపోయిందనుకున్నాం. సంతకం ఆమెది, పెత్తనం మొగుడిది అయింది. పదవికొచ్చిన మొదటి నెలల్లో తీర్మానాల పుస్తకం ఆమె ముందు తెరిచి, ఒక్కో పద్దూ చదివి వినిపించే తోడు ఉండాల్సింది.

ఇప్పుడు నా బెంగ కొత్తకోడళ్ళ గురించి. పుట్టింటి ఊళ్ళో పేరు కొట్టేస్తారు, అత్తగారి ఊళ్ళో ఎక్కించరు. చిరునామా మార్పుకు 8వ నంబరు ఫారం బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) దగ్గర దొరుకుతుంది. నింపేటప్పుడు వివరాలు కోడలినే అడగండి, అత్తగారిని కాదు.