అట్టపెట్టెలు: వాని భాగములు, రకములు



ఏలూరు జిల్లాలోని నూజివీడు తోటలలో బంగినపల్లి కాయను తొడిమతో, సొన అంటకుండ, ఎంతో జాగ్రత్తగా కోయుచుందురు. అంత శ్రమపడి పంపిన కాయ దూరపు మార్కెట్టులో దించునప్పటికి అడుగు పెట్టెలలో నలిగియుండుట కద్దు. నలిగిన కాయకు ధర పలుకదు. లోపము కాయలో కాదు, పెట్టెలో నున్నది. పై పెట్టెల బరువును పెట్టె మోయవలెను గాని కాయ మోయరాదు. ఈ ఒక్క సూత్రము గుర్తుంచుకొన్నచో మంచి పెట్టెను ఎన్నుకొనుట సులభము.

భాగములు

అట్టను కోసి అంచు చూడుడు. రెండు సాదా కాగితముల నడుమ అలలవలె ముడతలు పెట్టిన కాగితము అంటించియుండును. ఇది మూడు పొరల అట్ట. మూడు సాదా కాగితములు, రెండు ముడత కాగితములు కలిసినది ఐదు పొరల అట్ట. వర్తకులు వీనిని 3 ప్లై, 5 ప్లై అందురు. ముడతలు చిన్న స్తంభముల వంటివి. పెట్టె ప్రక్కలలో అవి నిలువుగా నున్నప్పుడే బరువు నాపును. అడ్డముగా నున్నచో పెట్టె త్వరగా కుంగును.

పెట్టెకు నాలుగు ప్రక్కలు, నాలుగు మూలలు, పైన క్రింద మడచు రెక్కలు, జిగురుతో గాని పిన్నులతో గాని కలిపిన అతుకు ఉండును. బరువులో సుమారు మూడింట రెండు వంతులు మూలలే మోయును. కావున మూలమీద మూల వచ్చునట్లు పేర్చవలెను. ఇటుకలు కట్టినట్లు మార్చి పేర్చరాదు. గాలి రంధ్రములు ప్రక్క వైశాల్యములో 5 శాతము మించకుండ, మూలలకు కనీసము 4 సెంటీమీటర్ల ఎడముగా నుండవలెను.

రకములు

1. రెక్కల పెట్టె: ఒకే అట్టతో చేయబడును. పొడవు రెక్కలు నడుమ కలియును. చవుకయైనది.

2. మూత పెట్టె: అడుగు పెట్టెపై వేరొక పెట్టె మూతగా దిగును. ప్రక్కలు రెండింతలగుటచే బలము హెచ్చు. మామిడికి మేలు.

3. గ్రుడ్ల పెట్టె: 30 గ్రుడ్ల ట్రేలు 7 అమర్చినచో 210 గ్రుడ్లు పట్టును. తాడేపల్లిగూడెం ప్రాంతపు కోళ్ల రైతులు దీని నెరుగుదురు.

కొల్లేటి చేపలను మంచుగడ్డలతో పంపుటకు మామూలు అట్టపెట్టె పనికిరాదు. అది నీటికి ఓర్వదు. ప్లాస్టిక్ పెట్టెలు వాడవలెను.

కొనుటకు ముందు పరీక్ష

10 కిలోల పెట్టెలు 6 వరుసలు పేర్చినచో అడుగు పెట్టెపై 50 కిలోలు పడును. లారీ కుదుపులకు, తేమకు, రోజుల తరబడి నిలువకు కనీసము 3 రెట్లు బలము కావలెను. ఖాళీ పెట్టెను మూసి, పైన పలక వేసి, 150 కిలోల బస్తాలు మెల్లగా పేర్చి చూడుడు. మూలలు వంగినచో ఆ పెట్టె కొనరాదు, లేదా వరుసలు తగ్గింపవలెను.

గాలిలో తేమ మిక్కుటమైనచో అట్ట బలము సగము వరకు తగ్గవచ్చును. కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో ఈ విషయము మరువరాదు. పెట్టెలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా నుంచవలెను. కడిగిన కాయను నీడన ఆరబెట్టిన పిదపనే నింపవలెను. అంచు దాటి నింపినచో బరువు కాయమీదనే పడును.

పెట్టెపై రూపాయి మిగిల్చి పంటపై పది రూపాయలు పోగొట్టుకొనకుడు. గ్రామోద్యోగులు ఈ పరీక్షను కోతలకు ముందే రైతుల యెదుట చేసి చూపవలెనని కోరుచున్నాము.