నలభై దాటాక డిగ్రీ

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఇంటర్ పాసయ్యాక చదువు ఆగిపోయింది. కుట్టుపనితో ఇల్లు గడుస్తోంది. తక్కువ ఖర్చులో డిగ్రీ చేయగలనా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: తప్పకుండా చేయగలరమ్మా. 1982లో మొదలై, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మీలాంటివాళ్ల కోసమే పుట్టింది. పెద్ద వయసు అడ్డు కాదు, తెలుగు మాధ్యమం ఉంది. ఫీజు ఏ ఏడాదికి ఆ ఏడాదే కట్టుకోవచ్చు. దగ్గర్లోని అధ్యయన కేంద్రానికి వెళ్లి, పరీక్ష ఫీజుతో సహా మూడేళ్లకూ మొత్తం ఎంతవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. ప్రాక్టికల్స్ ఉండే సైన్స్ కోర్సులకు ఖర్చూ, తిరుగుడూ ఎక్కువ. మీ పనికి లెక్కలు అక్కరకొస్తాయి కాబట్టి నేనైతే బీకామ్ చేయమంటాను. పరీక్షలు రాయకుండానే పట్టా ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఏ దూరవిద్య కోర్సుకు గుర్తింపు ఉందో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.