ఉప్పునీటిలో మడచెట్టు, తెగులు సోకిన చెరకు

ఎండ మండితే మనం నీడకు చేరుతాం. దోమ వాలితే చేతితో తోలుకొంటాం. చెట్టుకు ఆ వీలు లేదు. ఉన్నచోటనే నిలిచి, తన కణాల బలంతోనే ఆపదను ఎదుర్కోవాలి.

మన ఈసా టౌన్ దాపుననే తుబ్లీ అఖాతం ఉన్నది. అక్కడ రాస్ సనద్ వద్ద మడచెట్లు సముద్రపు నీటిలో వేళ్ళూని పెరుగుతున్నాయి. ఆ నీరు ఇతర మొక్కలను ఎందుకు చంపుతుందో మీ ఇంటి ఊరగాయ జాడీని చూస్తే తెలుస్తుంది. నిమ్మకాయ ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగుతుంది కదా! వెలుపల ఉప్పు అధికమైనప్పుడు కణంలోని నీరు కణత్వచం గుండా బయటికి పోతుంది. దీనిని ద్రవాభిసరణం అంటారు. నీరు పోయిన కణం ముడుచుకొంటుంది, ఆకు వాడిపోతుంది.

మడచెట్టు వేళ్ళలోని కణాలు ఉప్పులో చాలా భాగాన్ని గడపలోనే ఆపివేస్తాయి. లోపలికి చొరబడిన ఉప్పును కణాలు తమ రిక్తికలో బంధిస్తాయి. రిక్తిక అంటే కణంలోని కొట్టుగది అనుకోండి. లోపలి ద్రవం కూడా గాఢంగా ఉండడంచేత నీరు బయటికి పారిపోదు. ఇంకా మిగిలిన ఉప్పును ఆకులమీది లవణగ్రంథులు చెమటవలె వెలువరిస్తాయి. ఆకును దగ్గరగా చూస్తే తెల్లని ఉప్పు రేణువులు కనబడతాయి. ఈ పనులన్నింటికీ శక్తి ఖర్చవుతుంది. అంత ఉప్పులో చెట్టు ఏపుగా ఎదగలేదు. ఉప్పును ఓర్చిన ఈ చెట్లు, సముద్రాన్ని మట్టితో పూడ్చడాన్ని మాత్రం ఓర్వలేకపోయాయి. 1997లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరిన ఈ అఖాతం నేడు ఎంతో కుంచించుకుపోయింది.

మడచెట్టును చూసినప్పుడల్లా నాకు గోదావరి ముఖాన ఉన్న కోరింగ మడ అడవి తలపునకు వస్తుంది. మా పూర్వులు ఆ కోరింగ రేవులోనే ఓడ ఎక్కి మారిషస్ చెరకుతోటల కూలికి వెళ్ళారు. అక్కడ తెలుగువారిని కోరింగీలనే పిలిచేవారు. చెరకు మా ఇంటి పంట కనుక, రోగం సంగతి దానితోనే చెబుతాను.

ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో ఎర్రకుళ్ళు తెగులు గోదావరి డెల్టా చెరకును దెబ్బతీసింది. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం వెలిసింది. ఈ తెగులుకు మూలం ఒక శిలీంధ్రం. తెగులు సోకిన గడను నిలువునా చీల్చితే ఎర్రబారిన కండలో అడ్డంగా తెల్లని మచ్చలు ఉంటాయి, పులిసిన వాసన వస్తుంది. ఆ ఎరుపును చూసి రోగమే అనుకొంటాం. నిజానికి శిలీంధ్రాన్ని అడ్డుకొనేందుకు చెరకు కణాలు తయారుచేసే రక్షక పదార్థాలలో కొన్ని ఎర్రని రంగువే! తట్టుకొనే రకాలలో ఇవి త్వరగా పుడతాయి. శిలీంధ్రం చుట్టూ ఉన్న కొద్ది కణాలు తామే మరణించి దాని దారి మూసివేస్తాయి. తట్టుకోలేని రకాలలో ఈ పని ఆలస్యమవుతుంది, ఈలోగా శిలీంధ్రం గడ అంతటా పాకుతుంది. పొలంలో నీరు నిలిచి మొక్క ముందే నీరసించి ఉంటే తెగులు మరింత విజృంభిస్తుంది.

అభ్యాసం: రెండు కుండీలలో మెంతులు చల్లండి. మొలకలు వచ్చాక ఒకదానికి మంచినీరు, రెండవదానికి గ్లాసుకు ఒక చెంచా ఉప్పు కలిపిన నీరు వారంపాటు పోయండి. ఏ రోజున ఏ ఆకు మొదట వాలిందో నోటుపుస్తకంలో వ్రాసి తీసుకొని రండి.