'అండర్‌మైన్' - ఒక ఆంగ్ల క్రియాపదము

ఆంగ్ల వార్తాపత్రికలలోను, ప్రభుత్వ నివేదికలలోను తరచుగా కానవచ్చు క్రియాపదములలో 'అండర్‌మైన్' ఒకటి. నిఘంటువును చూచినచో 'బలహీనపరచు' అను అర్థము దొరకును. అది తప్పు కాదు గాని చాలదు. ఏ రీతిని బలహీనపరచుటయో తెలిసినగాని ఈ పదమును మనము సరిగా వాడజాలము.

'అండర్' అనగా క్రింద. 'మైన్' అనగా సొరంగము త్రవ్వుట. పూర్వము ఐరోపాలో కోటను ముట్టడించినవారు గోడను ఎదురుగా పగులగొట్టలేనప్పుడు పునాది క్రిందికి సొరంగము త్రవ్వి, పైభాగము కూలకుండ కొయ్య స్తంభములు నిలిపెడివారు. పిదప వానికి నిప్పు పెట్టగా, ఆధారము పోయి గోడ కూలెడిది. 1215లో ఇంగ్లండు రాజగు జాన్, తనపై తిరుగబడిన ప్రభువుల చేతిలోనున్న రోచెస్టరు కోటపై ఈ ఉపాయమునే ప్రయోగించెను. మంట పెరుగుటకై నలువది పందుల క్రొవ్వును తెప్పించెను. ప్రధాన దుర్గము యొక్క ఒక మూల కూలెను. లోనివారు మరికొన్ని దినములు నిలిచి, తుదకు లొంగిపోయిరి. తరువాత ఆ మూలను గుండ్రముగా కట్టిరి. తక్కిన మూడును చదరముగనే యున్నవి. ఆ భేదమును నేటికిని చూడవచ్చును.

ఈ చిత్రమును మనస్సునందుంచుకొన్నచో అర్థము సులభమగును. పైకి గోడ నిలిచియే యుండును. క్రింద ఆధారము తొలగుచుండును. అధికారమును బాహాటముగా ధిక్కరించుటకు 'డిఫై' అనియు, ఒక్కపెట్టున కూలద్రోయుటకు 'ఓవర్‌త్రో' అనియు వేరు పదములు కలవు. పదవిని అట్లే యుంచి, దాని మాటకు విలువ లేకుండ మెల్లమెల్లగా చేయుటయే 'అండర్‌మైన్'. ఇది సకర్మక క్రియ. అధికారమును, విశ్వాసమును, ఆరోగ్యమును సైతము 'అండర్‌మైన్' చేయవచ్చును. మనము వాడు 'గోతులు త్రవ్వుట' దీనికి కొంత దగ్గరిదే. కాని అందు దురుద్దేశము తప్పక యుండును. ఆంగ్ల పదమునకు అది అవసరము లేదు. మంచి మనస్సుతో చేసిన పనియు అధికారమును 'అండర్‌మైన్' చేయవచ్చును.

మన గ్రామముల నుండి ఒక ఉదాహరణము తీసికొందము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చెను. దాని ననుసరించి పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు లభించెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టములు దానిని సగమునకు పెంచినవి. ఒక గ్రామమున ఒక సోదరి సర్పంచిగా ఎన్నికైనదనుకొందము. కుర్చీ ఆమెది, సంతకము ఆమెది. అయినను పని పడినవారు ఆమె భర్తను వెదకుదురు. సమావేశమున ఆయనయే మాటలాడును. కాగితములు ముందుగా ఆయన చేతికే పోవును. ఆమెను ఎవరును తొలగింపలేదు, ఎవరును దూషింపలేదు. అయినను ఆంగ్లమున దీనిని 'హర్ అథారిటీ ఈజ్ అండర్‌మైన్డ్' అని చెప్పవలెను.

మరి గ్రామసభలో లేచి, "అమ్మా, వీధిదీపముల లెక్క చూపుడు" అని ఆమెను అడిగినచో అది 'అండర్‌మైన్' యగునా? కాదు. జవాబు చెప్పవలసినది ఆమెయే యని గుర్తించి అడిగితిమి గనుక, ఆ ప్రశ్న ఆమె అధికారమును బలపరచును. పంచాయతీలో మనకు పని కలిగినప్పుడు నేరుగా ఆమెయొద్దకే పోయి అడుగుదము.