పంటిగారయు బోరునీరును

గారపట్టిన పండ్లుగల పిల్లవానిని జూచినపుడు వాడు సరిగా ముఖము కడుగుకొనడని తలంచుట మనకు వాడుక. నేనును చాలకాల మట్లే తలంచితిని. ఒక గ్రామమున కందిచేను జూడబోయి, ఒక తల్లి తన కుమారుని పండ్లను ఇటుకపొడితో, నెత్తురు వచ్చునంతగా తోముట కంటిని. ఆ మచ్చలు పోలేదు, పోవు. అవి పైనంటిన మురికి కాదు. పన్ను చిగుళ్లలోపల తయారగుచుండగనే, అనగా ఎనిమిదేండ్ల ప్రాయములోపల, త్రాగునీటియందు ఫ్లోరైడు అను లవణ మధికమగుటచే నేర్పడిన లోపము.

ఈ సంగతి తేలుటకు ముప్పదియేండ్లు పట్టెను. అమెరికాలోని కొలరాడోలో మెకే యను దంతవైద్యుడు 1901 లో ఈ మచ్చలను గమనించి కారణము వెదకనారంభించెను. నీటిలోని ఫ్లోరిను సంగతిని చర్చిల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1931 లో కనిపెట్టెను. మనవైపున 1934 లో హైదరాబాదు సంస్థానపు పశువులలో ఇట్టి రోగము గలదని మహాజన్ వ్రాసెను. ఎద్దు కుంటినచో దుక్కి యాగును గనుక రైతు వెంటనే గుర్తించును. బిడ్డ పండ్లు పసుపెక్కిన నే పనియు నాగదు గదా! 1937 లో షార్ట్ మొదలగు వైద్యులు నెల్లూరు జిల్లాలో, వెన్నెముకయు కీళ్లును బిగిసి వంగలేని వారిని పరీక్షించి, దానికి ఫ్లోరైడే కారణమని తెలిపిరి. పెద్దలకు క్రొత్తగా పంటిమచ్చలు రావు. ఎముకలకు మాత్రము వయోభేదము లేదు.

నల్లరాతి పొరలలో చిరకాలము నిలిచిన నీరు ఈ లవణమును కరగించుకొనును. కావున వాననీటియందును చెరువునీటియందును ఇది స్వల్పము. లోతుబోరులలో నధికముగా నుండవచ్చును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. రంగు, రుచి, వాసన వీనివలన దీనిని గుర్తింపలేము. కాచినచో నీరు తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. పటికయు సున్నమును గలిపి, కలియబెట్టి, తేర్చి తీయు పద్ధతి మన నల్లగొండ పేరనే ప్రసిద్ధమైనది. అయితే పటిక పాలు నీటినిబట్టి మారును గనుక ఊహతో వేయరాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు కొందరు బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 దినములు భోజనముతో నిచ్చి పరీక్షింపగా, మూత్రముద్వారా వెలువడు ఫ్లోరైడు హెచ్చెనని 2002 లో ప్రకటించిరి. మన పులుసున కిది గౌరవమే. కాని దినదినము లోనికి బోవుదానిని ఆపక పులుసును నమ్ముకొనుట, గండి పూడ్చక నీరు తోడుటయే యగును.

ఇక నా తప్పొకటి చెప్పవలసియున్నది. మరియొక గ్రామమున లోతుబోరు వేయుడని సలహా యిచ్చినవాడను నేనే. పైరుకు పనికివచ్చునా యని ఉప్పును పరీక్ష చేయించితిని. ఫ్లోరైడు మాట తలపునకు రాలేదు. కూలీలును, వారి పిల్లలును ఆ నీటినే త్రాగుచుండిరి. నాలుగేండ్ల పిమ్మట పరీక్షించినపుడు లీటరునకు మూడు మిల్లీగ్రాములు దాటెను. ఇప్పుడు ఆ బోరు చేనికే. త్రాగుటకు నది నీరు కుళాయిద్వారా వచ్చుచున్నది.

ఒక బోరు మంచిదైనంతమాత్రమున ప్రక్కబోరు మంచిది కానక్కరలేదు. కావున వేరువేరుగా పరీక్షింపవలయును. గాజుసీసా వలదు, శుభ్రమైన ప్లాస్టికు సీసాను ఆ నీటితోనే మూడుసారులు తొలిచి, నింపి, రైతు పేరును బోరు లోతును వ్రాసి యంటింపవలయును. రాబోవు సంఘసమావేశమునకు సభ్యులు సీసాలు దెచ్చినయెడల నేనే పరీక్షశాలకు గొనిపోయెదను.