అద్దం పగలగొట్టొచ్చా?

ఎండలో ఆగిన కారు. తలుపులన్నీ లాక్. లోపల చంటిపాప. అద్దం పగలగొడితే ఓనరు కేసు పెడతాడేమో! ఆ భయంతో ఆగిపోయేవాళ్ళలో నేనూ ఉంటానేమో అనిపించి, చట్టాలు ఏమంటున్నాయో చదివాను.

ఎండలో కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే సుమారు 11 డిగ్రీల సెల్సియస్ పెరగొచ్చు. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకన్నా 3 నుంచి 5 రెట్లు త్వరగా వేడెక్కుతుంది. తటపటాయించే టైమ్ ఉండదు.

అమెరికాలో టెనెసీ 2014లో, ఫ్లోరిడా 2016లో ఇలా కాపాడినవాళ్ళకి రక్షణ ఇచ్చాయి. ఫ్లోరిడాలో అద్దం నష్టం కట్టక్కర్లేదు, కానీ షరతులున్నాయి. కారు లాక్ అయిందని చూసుకోవాలి. ప్రాణాపాయం ఉందని నిజంగా నమ్మాలి. పగలగొట్టే ముందో, వెంటనేనో 911కి చెప్పాలి. అవసరానికి మించి బలం వాడకూడదు. సాయం వచ్చేదాకా పాప దగ్గరే ఉండాలి.

మరి మన దగ్గర? 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితులకి సాయపడేవాళ్ళ కోసం. లాకైన కారులోని పాప మాట అందులో లేదు. భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ మాత్రం, చెడు ఉద్దేశం లేకుండా పెద్ద హాని ఆపడానికి చేసిన పని నేరం కాదంటుంది. మంటలు పాకకుండా ఇళ్ళు కూల్చడం అందులోని ఉదాహరణే. ఇల్లే కూల్చొచ్చంటే అద్దమెంత? కానీ అది కేసు పడ్డాక చెప్పుకునే జవాబు. సాయానికి ముందే ధైర్యమిచ్చే స్పష్టమైన మాట మన చట్టంలోనూ ఉండాలి.

అప్పటిదాకా నేను గుర్తుపెట్టుకున్న వరుస ఇది. తలుపులు లాగి చూడు, 112కి ఫోన్ చెయ్యి, పాపకి దూరంగా ఉన్న అద్దం పగలగొట్టు, పక్కనే ఉండు.